రుక్మిణీ కల్యాణం చదివే అమ్మాయిని ఎవరైనా అడిగారా?



ఈ వారం వీడియోలో రుక్మిణీ కల్యాణం కథ చెప్పుకున్నాం. అందులో సమయం చాలక వదిలేసిన మాట ఒకటి ఉంది. అది ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పెళ్లీడు ఆడపిల్ల ఉన్నవాళ్లు, మీరే ఆ పిల్ల అయినవాళ్లు, కాస్త నిదానంగా చదవండి.

మన తెలుగిళ్లలో ఒక ఆచారం ఉంది కదా. అమ్మాయికి సంబంధం కుదరడం ఆలస్యమైతే పెద్దవాళ్లు "రుక్మిణీ కల్యాణం పారాయణ చెయ్యమ్మా, మంచి సంబంధం వస్తుంది" అంటారు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, కృష్ణుడి పటం ముందు కూర్చుని పోతన గారి పద్యాలు చదవాలి. కొందరు 41 రోజులు చదువుతారు, కొందరు ఓపికను బట్టి చదువుతారు. తరతరాలుగా వస్తున్న నమ్మకం అది. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. నాకూ నమ్మకమే. కానీ ఒక్క ప్రశ్న. ఆ పుస్తకం అమ్మాయి చేతిలో పెట్టేవాళ్లు అందులో ఏముందో ఎప్పుడైనా ఆగి చూశారా?

అందులో ఉన్నది పెద్దలు కుదిర్చిన పెళ్లి కథ కాదండి. పెద్దలు కుదిర్చిన పెళ్లి తనకు ఇష్టం లేదని చెప్పుకోవడానికి ఇంట్లో వినే మనిషి లేక, బయటికి కబురు పంపుకున్న ఒక అమ్మాయి కథ అది.

ఎవరూ అడగని ఆడపిల్లలు

మన ఇతిహాసాల్లో పక్కన నిలబడిపోయిన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. కథ వాళ్ల మీదుగా నడుస్తుంది కానీ వాళ్ల దగ్గర ఆగదు.

మహాభారతం ఉద్యోగపర్వంలో మాధవి అనే అమ్మాయి ఉంది. యయాతి మహారాజు కూతురు. గాలవుడు అనే శిష్యుడు గురుదక్షిణ కోసం 800 గుర్రాలు తేవాలి. ఒళ్లంతా తెల్లగా ఉండి, ఒక చెవి మాత్రం నల్లగా ఉండే గుర్రాలు. అతను యయాతి దగ్గరికి వచ్చి అడిగాడు. యయాతి దగ్గర గుర్రాలు లేవు. వచ్చినవాణ్ణి లేదని పంపడం ఇష్టం లేక కూతుర్ని ఇచ్చాడు. గాలవుడు ఆమెను వరుసగా ముగ్గురు రాజుల దగ్గరికి తీసుకెళ్లాడు. ఒక్కొక్కరి దగ్గర 200 గుర్రాలు, ఒక్కొక్కరికి ఒక కొడుకు. మిగిలిన 200 గుర్రాలు ఎక్కడా దొరక్కపోతే వాటికి బదులు గురువు విశ్వామిత్రుడి దగ్గరే ఆమెను ఉంచాడు. ఆ బిడ్డలు ఎవరి రాజ్యంలో వాళ్లు ఉండిపోయారు.

ఈ కథ చెప్పేటప్పుడు మనం యయాతి దానగుణం చెప్తాం, గాలవుడి గురుభక్తి చెప్తాం. మరి మాధవి? ఈ ప్రయాణంలో ఆమె నోరు విప్పింది గాలవుడి కష్టం తీరే దారి చెప్పడానికే. ఆమె కష్టం ఏమిటని ఆ నలుగురు మగవాళ్లలో ఒక్కరూ అడగలేదు. చివరికి తండ్రి ఆమెకు స్వయంవరం ప్రకటించాడు. రాజులందరూ వచ్చి కూర్చున్నారు. మాధవి వాళ్లందరినీ దాటుకుని వెళ్లి అడవిని వరించింది. జీవితంలో మొదటిసారి "నీకేం కావాలి?" అని అడిగితే, మనుషులు లేని చోటు కోరుకుంది. ఆ ఒక్క జవాబులో ఎన్నేళ్ల మౌనం ఉందో ఆలోచించండి.

రెండో అమ్మాయి అందరికీ తెలిసిన ఊర్మిళ. లక్ష్మణుడు అన్నగారి వెంట అడవికి వెళ్లిపోయాడు. వాల్మీకి రామాయణంలో రాముడు సీతతో మాట్లాడిన మాటలు ఉన్నాయి, కౌసల్య ఏడ్చిన ఏడుపు ఉంది, సుమిత్ర కొడుక్కి చెప్పిన మాట ఉంది. ఊర్మిళ ఏమన్నదో లేదు. 14 ఏళ్లు, ఒక్క మాట లేదు.

ఆ మాట ఎవరు వెతికారో తెలుసా? మన తెలుగు ఆడవాళ్లు. దంపుళ్ల దగ్గర, వంటిళ్లలో పాడుకునే పాటల్లో "ఊర్మిళాదేవి నిద్ర" కట్టారు. అందులో ఊర్మిళ 14 ఏళ్లూ నిద్రలోనే ఉంటుంది. తిరిగొచ్చిన లక్ష్మణుడు గదిలోకి వస్తే గుర్తుపట్టక, పరాయి మగాడు వచ్చాడనుకుని, మా నాన్న జనకుడికి తెలిస్తే ఏమవుతుందో తెలుసా అని గట్టిగా మందలిస్తుంది. మహాకావ్యంలో మాట దొరకని అమ్మాయికి మన అమ్మమ్మల అమ్మమ్మలు మాట ఇచ్చారు. ఎందుకంటే ఆ మౌనం వాళ్లకు బాగా తెలుసు.

మాధవికి అడవి దొరికింది. ఊర్మిళకు పాట దొరికింది. రుక్మిణికి మాత్రం వినేవాడు దొరికాడు. ఇప్పుడు ఆ సంగతి చూద్దాం.

ఇంట్లో ఆరుగురు మగవాళ్లు

విదర్భ దేశం, కుండినపురం. రాజు భీష్మకుడు. ఐదుగురు కొడుకులు, ఒక్కతే కూతురు. ఒక్కగానొక్క ఆడపిల్ల, పెద్ద ఇల్లు. గారాబానికి లోటుండదు. కానీ గారాబం వేరు, మాట వినడం వేరు. పట్టుచీర అడిగితే తెచ్చే ఇల్లే, పెళ్లి గురించి మాట్లాడితే "నీకేం తెలుసు, లోపలికి వెళ్లు" అంటుంది. ఇది మనకు కొత్త కాదు కదా.

ఆమె కృష్ణుడి గురించి ఇంటికి వచ్చిపోయేవాళ్లు చెప్పగా వింది. మనసులో ఆయన్నే భర్తగా అనుకుంది. గమనించండి, బంధువులు కూడా కృష్ణుడికే ఇద్దామనుకున్నారని భాగవతం స్పష్టంగా చెప్తోంది. అడ్డుపడింది పెద్దన్న రుక్మి ఒక్కడే. కృష్ణుడంటే అతనికి పడదు. శిశుపాలుడికి ఇవ్వాలని తేల్చేశాడు. మరి తండ్రి? భీష్మకుడు చెడ్డవాడు కాదు. కొడుకు మీద ప్రేమతో కొడుకు మాటకు తలవంచాడు అంటాడు వ్యాసుడు. అంతే. ఊరంతా అలంకరించారు, దానాలు చేశారు, మంత్రాలు చదివించారు. పెళ్లికి కావలసినవన్నీ శాస్త్రప్రకారం జరిగాయి. పెళ్లికూతుర్ని అడగడం ఒక్కటే జరగలేదు.

నాకు రుక్మి కన్నా భీష్మకుడి గురించే ఎక్కువ దిగులు. రుక్మిలాంటివాళ్లు ఎక్కడో ఒకరుంటారు. భీష్మకుళ్లు ప్రతి వీధిలో ఉంటారు. మంచివాళ్లు, కూతురంటే ప్రాణం పెట్టేవాళ్లు, కానీ గొంతు పెద్దది ఉన్నవాడి మాటే ఇంటి మాట అయిపోతుంటే ఊరుకునేవాళ్లు.

మౌనం అర్ధాంగీకారం కాదు

మన దగ్గర ఒక మాట ఉంది, "మౌనం అర్ధాంగీకారం" అని. పెళ్లిచూపుల్లో అమ్మాయి తల దించుకుని ఏమీ అనకపోతే "సిగ్గు పడుతోంది, ఒప్పుకున్నట్టే" అనేస్తాం.

రుక్మిణి పెళ్లికి ముందు అమ్మవారి గుడికి నడిచి వెళ్లిన ఘట్టం చూడండి. చుట్టూ చెలికత్తెలు, తల్లులు, ఆయుధాలు పట్టిన భటులు, మంగళవాద్యాలు. మధ్యలో ఆమె మౌనంగా నడుస్తోందని మూలంలో ఉంది. దారిలో నిలబడ్డవాళ్లు ఏమనుకుని ఉంటారు? ఎంత అణకువ గల పిల్ల, ఎంత బుద్ధిగా వెళ్తోంది అనుకుని ఉంటారు. ఆ మౌనం వెనక ఆమె అప్పటికే ద్వారకకు కబురు పంపింది. ఎక్కడ కలవాలో చెప్పింది, ఎప్పుడు రావాలో చెప్పింది. అమ్మవారి ముందు నిలబడి కృష్ణుడే నా భర్త కావాలని వేడుకుంది. బయట ఒక్క మాట లేదు. లోపల అంతా మాటలే.

కాబట్టి తల దించుకున్న పిల్ల ఒప్పుకుందని ఎవరైనా అంటే రుక్మిణిని గుర్తు చెయ్యండి. అడగకుండా దొరికిన మౌనానికి అర్థం చెప్పే హక్కు మనకు లేదు.

ఏడు శ్లోకాల మెసేజ్

సంస్కృత భాగవతం 10వ స్కంధంలో 52వ అధ్యాయంలో రుక్మిణి పంపిన సందేశం ఉంది. 7 శ్లోకాలు. 15వ శతాబ్దంలో బమ్మెర పోతన గారు దాన్ని ఇంకా పెంచి, ఆ కబురు తీసుకెళ్లిన బ్రాహ్మణుడికి అగ్నిద్యోతనుడు అని పేరు కూడా పెట్టి మనకు అందించారు.

ఆ మొదటి శ్లోకం "విని" అన్న మాటతో మొదలవుతుంది. నీ గుణాలు చెవుల ద్వారా లోపలికి వచ్చి తాపాన్ని తీరుస్తాయి అంటుంది. ఎవరూ వినని అమ్మాయి తన సందేశాన్ని వినడంతో మొదలుపెట్టింది! వినడం విలువ ఆమెకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

తరువాత తన నిర్ణయం చెప్తుంది, నిన్నే వరించాను అని. శిశుపాలుడు నన్ను తాకకూడదు అంటుంది. పెళ్లి దగ్గర పడిందని చెప్తుంది. ఆరో శ్లోకం నాకు చాలా ఇష్టం. అంతఃపురంలో ఉన్న నిన్ను నీ బంధువుల్ని చంపకుండా ఎలా తీసుకెళ్లాలి అని నువ్వు అడుగుతావేమో, ఉపాయం నేను చెప్తాను విను అంటుంది. పెళ్లికి ముందు రోజు మా ఇంటి ఆచారం ప్రకారం పెళ్లికూతురు ఊరి బయట అమ్మవారి గుడికి వెళ్తుంది, అప్పుడు రా అంటుంది. నేను రోజూ ఆఫీసులో ప్లానింగ్ మీటింగుల్లో కూర్చుంటానండి. ఎదుటివాడికి వచ్చే సందేహం ముందే ఊహించి, దానికి జవాబు, చోటు, సమయం ఇంత తక్కువ మాటల్లో చెప్పినవాళ్లను నేను చూడలేదు. "నీకేం తెలుసు" అని లోపల కూర్చోబెట్టిన పిల్ల ఆలోచన అది.

ఏడో శ్లోకంలో నీ దయ దొరక్కపోతే ప్రాణం విడుస్తాను, నూరు జన్మలెత్తైనా నిన్ను పొందుతాను అంటుంది. దీన్ని పెద్ద గొప్ప విషయంగా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక పిల్ల నోట ఆ మాట వచ్చిందంటే అంతకు ముందు ఎన్ని తలుపులు మూసుకున్నాయో లెక్కపెట్టుకోవాల్సింది చుట్టూ ఉన్నవాళ్లు. ఇది చదువుతున్న ఏ చెల్లెలికైనా అలాంటి ఆలోచన వస్తుంటే ఒక్క మాట తల్లీ. రుక్మిణి ఆ మాటను మనసులో దాచుకోలేదు, నమ్మకమైన మనిషితో చెప్పింది. నువ్వు కూడా ఈ రోజే ఒకరితో చెప్పు.

ద్వారకలో ఎలా విన్నారు?

ఇక కృష్ణుడు ఏం చేశాడో చూడండి. బ్రాహ్మణుడు రాగానే బంగారు ఆసనం మీంచి దిగి, ఆయన్ని కూర్చోబెట్టి పూజించాడు. భోజనం పెట్టించాడు, విశ్రాంతి తీసుకోనిచ్చాడు. తర్వాత తన చేతులతో ఆయన కాళ్లు ఒత్తుతూ, ఏ తొందరా లేకుండా, ఏ పని మీద వచ్చారు, రహస్యం కాకపోతే చెప్పండి అని అడిగాడు. సందేశం మొత్తం విన్నాడు. "నువ్వు ఆడపిల్లవి, ఇలా కబురు పంపొచ్చా?" అనలేదు. "మీ అన్నయ్య ఏమంటాడో" అనలేదు. నాకూ ఆమె ధ్యాసే, రాత్రులు నిద్ర పట్టడం లేదు అన్నాడు. వెంటనే దారుకుణ్ణి పిలిచి రథం కట్టమన్నాడు. ఒక్క రాత్రిలో విదర్భ చేరాడు.

భగవంతుడు అనగానే మనకు చక్రం, శంఖం, విశ్వరూపం గుర్తొస్తాయి. ఇక్కడ ఆయన మొదటి లక్షణం చెవి. ఇంట్లో ఆరుగురు వినని మాటను, అంత దూరం నుంచి, మరొకరి నోటి ద్వారా పూర్తిగా విన్నాడు.

ఆ మధ్యలో ఉన్న అగ్నిద్యోతనుణ్ణి కూడా మర్చిపోవద్దు. అతను రాజు కాదు, యోధుడు కాదు. పిల్ల చెప్పిన మాటను తగ్గించకుండా, తన సలహా కలపకుండా, ఆమె మాటగానే చేర్చాడు. అతను తిరిగి వచ్చినప్పుడు రుక్మిణికి ఇవ్వడానికి తగిన వస్తువేదీ తోచక నమస్కారం చేసిందట. లక్ష్మీదేవి అవతారం అనే తల్లి ఇవ్వడానికి ఏమీ తోచక చేతులు జోడించింది! ఒక అమ్మాయి మాటను మోసినవాడి రుణం అంత పెద్దది.

"రుక్మిణి అంటే జీవాత్మ కదా?"

అవును, పెద్దలు అలా చెప్తారు. రుక్మిణి జీవాత్మ, కృష్ణుడు పరమాత్మ, బ్రాహ్మణుడు గురువు. అది చాలా గొప్ప అర్థం. కానీ కథ మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే అక్కడికి దూకేస్తే ఏమవుతుంది? అమ్మాయి మళ్లీ మాయమైపోతుంది. అన్న ఆమెను చూడలేదు, తండ్రి చూడలేదు, చివరికి వ్యాఖ్యానం చెప్పే మనం కూడా చూడలేదు. ముందు ఆమెను ఒక అమ్మాయిగా చూద్దాం. ఆమె దిగులు ఏమిటో అర్థం చేసుకుందాం. అప్పుడు జీవాత్మ ఆర్తి ఏమిటో దానంతట అదే అర్థమవుతుంది.

ఇంకొకరు అడుగుతారు, "అంటే ఆడపిల్లల్ని ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటున్నావా?" అని. లేదండి. నేను చెప్పేది దానికి పూర్తిగా తిరగేసి చూడండి. బంధువులందరికీ కృష్ణుడంటే ఇష్టమే. ఒక్కసారి కూతుర్ని కూర్చోబెట్టి అడిగి ఉంటే ఆ పెళ్లి కుండినపురంలోనే మేళతాళాలతో జరిగేది. రథం అక్కర్లేదు, యుద్ధం అక్కర్లేదు, రుక్మి అవమానపడి తిరిగి ఇంటికి రాలేక భోజకటం అని వేరే ఊరు కట్టుకుని ఉండిపోవాల్సిన పనీ లేదు. వినని ఇల్లు కూతుర్ని ఒక్కదాన్నే కాదు, కొడుకుని కూడా పోగొట్టుకుంది.

అంత జరిగాక కూడా, కృష్ణుడు రుక్మిని చంపబోతే కాళ్ల మీద పడి అన్నను కాపాడింది ఎవరు? ఆ అన్న ఎవరి మాట వినలేదో ఆ చెల్లెలే. ఆమె మాట విని కృష్ణుడు చంపకుండా వదిలాడు. ఇక్కడ కూడా చూడండి, ఆమె మాట చెల్లింది.

మా అమ్మ, 41 రోజులు

ఇదంతా పుస్తకంలో చదివి చెప్తున్నది మాత్రమే కాదు. నాకు 28 ఏళ్లు. ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు మా అమ్మ నాతో 41 రోజుల పారాయణ చేయించింది. అమ్మ ఊళ్లో, నేను ఇక్కడ హాస్టల్ గదిలో. రోజూ పొద్దున్నే ఫోన్. "చదివావా?" "చదివానమ్మా." "సరే, టిఫిన్ చెయ్యి." అంతే సంభాషణ.

ఒకరోజు నేనే అడిగాను. "అమ్మా, శిశుపాలుడితో పెళ్లి నిశ్చయించేటప్పుడు రుక్మిణిని ఎవరైనా అడిగారా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నన్నెవరడిగారే? తాంబూలాలు పుచ్చుకుని వచ్చాక మా నాన్న చెప్తే తెలిసింది" అంది. నవ్వుతూనే అంది. నాన్న మంచివాడు, అమ్మ సుఖంగానే ఉంది. అయినా ఆ మాట ముప్పై ఏళ్లుగా ఆమె దగ్గరే ఉందని, ఎవరూ అడగకపోతే నాకూ తెలిసేది కాదని అప్పుడు అర్థమైంది.

అప్పటిదాకా బయోడేటాలు అమ్మ నుంచి పెదనాన్నకు, పెదనాన్న నుంచి మధ్యవర్తికి తిరిగి, అందరూ సరే అన్నాక చివర్లో నాకు వచ్చేవి. ఆ తర్వాత వచ్చిన బయోడేటా మొదట నా ఫోన్‌కే వచ్చింది. కింద అమ్మ ఒక లైను రాసింది. "చూసి చెప్పు. నచ్చకపోతే నచ్చలేదను. మిగతావాళ్లతో నేను మాట్లాడతా."

నాకు ఇంకా పెళ్లి కుదరలేదు. కానీ పారాయణ ఫలించింది అనే నేను అంటాను. మా ఇంట్లో నాకు ఒక అగ్నిద్యోతనుడు దొరికాడు. ఆ అగ్నిద్యోతనుడు మా అమ్మే.

మనం చెయ్యగలిగింది

ఈ పారాయణ చేయించే పెద్దలకు నాదొక విన్నపం. మొదటి రోజు దీపం పెట్టేముందు అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "నీ మనసులో ఏముందమ్మా?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. ఇన్నాళ్లు అడగలేదు కదా, ఒక్క పూటలో ఎలా చెప్తుంది? కృష్ణుడిలా తొందర లేకుండా అడగండి. చెప్తుంటే మధ్యలో అందుకోకండి. "కానీ" అనకండి. నచ్చని మాట వచ్చినా చివరిదాకా వినండి. చదువు గురించి కావచ్చు, ఉద్యోగం గురించి కావచ్చు, ఇప్పుడే వద్దని కావచ్చు, ఎవరో ఉన్నారని కావచ్చు. అన్నీ ఒప్పుకోవాలని చెప్పడం లేదు. వినాలని చెప్తున్నాను.

పెద్దన్నయ్యలారా, మీ మాటకు ఇంట్లో బరువు ఎక్కువ. ఆ బరువు చెల్లెలి మాట మీద పెట్టి నొక్కకండి. నాన్నల్లారా, ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే. పిన్నులు, అత్తయ్యలు, మేనమామలు, మీకు ఇంట్లో నిర్ణయాధికారం లేకపోవచ్చు, కానీ మాట మోసే అవకాశం ఉంది. అగ్నిద్యోతనుడికి ఉన్నదీ అంతే.

ఇక పారాయణ చేస్తున్న చెల్లెళ్లకు, అక్కలకు. ఆ పద్యాలు వరుడి కోసం మాత్రమే చదవకండి. తన మాట తను చెప్పుకున్న అమ్మాయి గొంతు అది. చదువుతున్నంతసేపు ఆ గొంతు మీ నోట్లో ఉంటుంది. దాన్ని అలవాటు చేసుకోండి. మిమ్మల్ని ఎవరూ చూడటం లేదు, వినడం లేదు అనిపించిన రోజు, ద్వారకలో కూర్చున్నవాడు ఆసనం దిగి విన్నాడని గుర్తు తెచ్చుకోండి.

మాధవి కోరుకున్నట్టు అడవిని కోరుకోవాల్సిన అవసరం మన ఇళ్లలో ఏ అమ్మాయికీ రాకూడదు. ఊర్మిళలా పాట కట్టేవాళ్ల కోసం తరాల తరబడి ఎదురుచూడకూడదు. రుక్మిణి మాట విన్న ఆ స్వామి, మనకు కూడా వినే చెవి ఇవ్వాలని ఈ పూట ప్రార్థిద్దాం.

శ్రీకృష్ణార్పణమస్తు.